తేలిక చక్రం - కఠిన పరీక్ష

సాయంత్రం వేళ నేరేడ్‌మెట్ చౌరస్తాలో కాసేపు నిలిచి చూసిన వారికి వాహనం బరువు ఎంతటి భారమో ఇట్టే బోధపడుతుంది. పది గజాలు కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. ఆగిన ప్రతిసారీ బండి కూడబెట్టుకున్న గతిజశక్తి బ్రేకులలో వేడిగా మారి వృథా అవుతుంది. బయలుదేరిన ప్రతిసారీ దానిని తిరిగి సంపాదించుకోవాలి. పెట్రోలు బండికి ఇది అదనపు ఖర్చు మాత్రమే; సూర్యరశ్మిపై నడిచే కారుకు ప్రాణసంకటం. నడినెత్తిన ఎండ కాస్తున్నప్పుడు చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తి నేలకు చేరుతుంది. మామూలు సౌరఫలకాలు అందులో ఐదోవంతును మాత్రమే విద్యుత్తుగా మార్చగలవు. కారు పైకప్పున నాలుగు చదరపు మీటర్ల ఫలకాలు పరచినా లభించేది ఒక ఇస్త్రీపెట్టెకు సరిపడే శక్తే!

అందువల్ల సౌరవాహనం రూపొందించేవారి దృష్టి మొదట చక్రాల మీద పడుతుంది. చక్రపు అంచున ఉన్న బరువు కారుతోపాటు ముందుకు సాగాలి, తన చుట్టూ తాను తిరగాలి కూడా. అక్కడి కిలో బరువును వేగం అందుకునేలా చేయడానికి, కారు పైభాగంలోని రెండు కిలోలకు కావలసినంత శక్తి ఖర్చవుతుంది. ఈ భారాన్ని తగ్గించేందుకే అల్యూమినియానికి బదులు కార్బన్ పోగులను ఎపాక్సీ జిగురులో తడిపి, పొరలుగా పేర్చి, వేడిలో గట్టిపరచిన సంయుక్త పదార్థాన్ని వాడతారు.

1987లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నుండి అడిలైడ్ వరకు సుమారు 3000 కిలోమీటర్ల సౌరకార్ల పందెం తొలిసారి జరిగింది. జనరల్ మోటార్స్ వారి సన్‌రేసర్ గంటకు దాదాపు 67 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచింది. ఎడతెగక సాగే అటువంటి రహదారిపై ప్రధాన శత్రువు గాలి. తేలిక చక్రం అసలు విలువ తెలిసేది ఆ ఎడారిలో కాదు, అడుగడుగునా ఆగే నేరేడ్‌మెట్ వంటి చోట. అయితే ఆ చక్రాన్ని ఎక్కువగా హింసించేదీ ఇటువంటి దారే. వానకాలపు గుంతలు, గీతలు చెరిగిపోయిన స్పీడు బ్రేకర్లు దానిని ఒక్కరోజైనా విడిచిపెట్టవు.

అల్యూమినియం చక్రం గుంతలో పడితే సాధారణంగా సొట్టపోతుంది. ఆ సొట్ట కంటికి కనబడుతుంది. సంయుక్త పదార్థం స్వభావం వేరు. పోగు సాగిన దిశలో అది మహాబలశాలి, అడ్డంగా బలహీనం. నేతగాడు పడుగును, పేకను సరిచూసినట్లు పొరల కోణాలను సరిచూడాలి. దెబ్బ తగిలితే పైపొర నున్నగానే ఉండి, లోపలి పొరలు విడిపోవచ్చు. అటుపై ఒకనాడు ముందస్తు సూచన లేకుండా చక్రం పగలవచ్చు. కనుక నిలువు బరువు, మలుపులో పక్కకు లాగే బలం, హఠాత్తుగా తగిలే దెబ్బ, బ్రేకు వేడికి జిగురు మెత్తబడడం, బోల్టులు బిగించిన చోట పుట్టే పగులు - వీటన్నింటినీ పరీక్షించాలి. లోపలి గాయాన్ని అతిధ్వనులతో వెదకాలి. ఇది విసుగు పుట్టించే పని. చక్రం చేసినవారికి చప్పట్లు దొరుకుతాయి, విరగ్గొట్టి చూసినవారిని ఎవరూ వేదికపైకి పిలవరు.

తేలికదనానికి అర్థం చెప్పిన ఉదాహరణ ఈ జంటనగరాలలోనే ఉంది. క్షిపణుల కోసం అభివృద్ధి చేసిన తేలిక పదార్థాల పరిజ్ఞానంతో అబ్దుల్ కలాం బృందం నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చే పోలియో బాలల కోసం ఊతపరికరాలను తయారు చేసింది. అంతకుముందు ఆ పిల్లలు ఈడ్చుకు నడిచిన లోహపు పరికరం మూడు కిలోలకు పైగా ఉండేది. కొత్తది సుమారు 300 గ్రాములు. దాని యోగ్యతను తేల్చింది తక్కెడ కాదు, పిల్లల నడక.

కళాశాలల సాంకేతిక ప్రదర్శనలలో చక్రం పక్కన ప్రస్తుతం దాని బరువు రాసిన అట్టముక్క మాత్రమే కనబడుతుంది. అధ్యాపకులు అంతటితో తృప్తిపడకూడదు. అదే అచ్చులో పోసి, పరీక్షలో పగలగొట్టిన రెండవ చక్రాన్ని కూడా బల్లపై పెట్టించాలి. అది ఎన్ని తిరుగుళ్ళ తరువాత, ఎంత బరువు కింద, ఏ పొర వద్ద విడిపోయిందో రాసిన కాగితం దానికి వేలాడాలి.