తిట్టు కింద పార్టీ పేరు ఉండాల్సిందే
ఆబిడ్స్, నాంపల్లి వాసులకూ, ఇక్కడి పార్టీ ఆఫీసులకూ విన్నపం

ఎన్నికలప్పుడు మీ గడపలో పడే కరపత్రాన్ని తిరగేసి చూడండి. అడుగున చిన్న అక్షరాల్లో రెండు పేర్లుంటాయి. అచ్చువేసిన ప్రెస్సుది ఒకటి, వేయించినవాళ్లది ఒకటి. అవి ముచ్చటకు వేసినవి కావు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షన్ ఉంది. అచ్చు వేయించే మనిషి తానెవరో రాసి, తనను ఎరిగిన ఇద్దరి చేత సంతకాలు చేయించి ఇస్తే గానీ ప్రెస్సు పని మొదలుపెట్టకూడదు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంకో నియమం పార్టీలకు బాగా తెలిసిందే. ఎన్నికల ప్రవర్తనా నియమావళి మొదటి భాగంలోనే ఉంది. ఎదుటి పార్టీని విమర్శించాలంటే దాని విధానాలు, కార్యక్రమాలు, గత చరిత్ర, చేసిన పని వరకే. ప్రజా జీవితంతో సంబంధం లేని సొంత విషయాల జోలికి పోకూడదు.

ఈ రెండూ ఎన్నికల రుతువులో మేల్కొని, ఫలితాలు రాగానే ముసుగుతన్ని పడుకుంటాయి. తిట్లకు ఆ సెలవు లేదు. 2013లో ఎన్నికల సంఘం అభ్యర్థులు తమ సోషల్ మీడియా ఖాతాలను అఫిడవిట్‌లో చూపాలని చెప్పింది. అభ్యర్థి సరే, అతని కోసం పగలూ రాత్రీ పనిచేసే పేరులేని ఖాతాల సంగతి?

మేం అడిగేది ఒక్కటే. పార్టీ డబ్బుతో గానీ, పార్టీ జీతగాళ్లతో గానీ తయారైన ప్రతి పోస్టు, ప్రతి వీడియో, ప్రతి మీమ్ మీద ఆ పార్టీ పేరు ఉండాలి. ఏడాది పొడవునా ఉండాలి. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, పార్టీలు తమంతట తామే మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టాల్సింది నాంపల్లిలోనే.

ఎందుకంటే కాంగ్రెస్ గాంధీ భవన్ ఇక్కడే ఉంది. బీజేపీ రాష్ట్ర కార్యాలయం ఇక్కడే ఉంది. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచిపోవచ్చు. మజ్లిస్ దారుస్సలాం ఆ పక్కనే, ఆగాపురాలో. అసెంబ్లీ పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకునే ఉంది. ఈ ఇరుగుపొరుగుతనం ఎంత సొంపుగా ఉందో 2025 జనవరి 7న చూశాం. ఢిల్లీ ఎన్నికల్లో పోటీ చేస్తున్న ఒక బీజేపీ నాయకుడు ప్రియాంకా గాంధీని కించపరుస్తూ నోరు జారాడు. ఏమన్నాడో ఇక్కడ అచ్చువేయం, అచ్చువేస్తే మేమూ దాన్ని ఇంకో నలుగురికి చేర్చినట్టే. ఆ మాట ఫోన్ల మీదుగా పాకింది. యూత్ కాంగ్రెస్ వాళ్లు బీజేపీ ఆఫీసు మీదికి పోయారు. రాళ్లు పడ్డాయి, కర్రలు లేచాయి, రెండు వైపులా తలపడ్డారు. మాట పుట్టింది ఢిల్లీలో, రాయి పడింది నాంపల్లిలో. ఆ పూట ఆ రోడ్డు మీద షట్టర్ దించుకోవాల్సిన దుకాణదారుడికి ఆ ఇద్దరు నాయకులతోనూ లావాదేవీ లేదు.

ఇక రాయి పడనప్పుడు దారి కోర్టుకు. అదీ నాంపల్లే. 2024 సెప్టెంబరు చివర్లో మంత్రి కొండా సురేఖ మెడలో ఒక ఎంపీ నూలు దండ వేసిన ఫొటో పట్టుకుని సోషల్ మీడియాలో నానా రాతలూ రాశారు. ఆమె విలేకరుల ముందు కంటతడి పెట్టారు. ఇది బీఆర్‌ఎస్ సోషల్ మీడియా పనే అన్నారు. మాకు సంబంధం లేదని ఆ పార్టీ అంది. ఖాతాల మీద పార్టీ పేరు ఉండే పద్ధతి ఉంటే ఈ తగవే ఉండేది కాదు. ఆరోపణ ఆరోపణగానే నిలిచింది, నిరాకరణ నిరాకరణగానే నిలిచింది. రెండు రోజులు గడిచాయో లేదో, అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, అదే మంత్రి బీఆర్‌ఎస్ నాయకుడు కేటీఆర్ మీద విరుచుకుపడుతూ ఒక సినీ నటి విడాకుల్ని మధ్యలోకి లాగారు. రాజకీయాల పోరులోకి తన పేరు తేవద్దని ఆ నటి సమంత బహిరంగంగానే కోరాల్సి వచ్చింది. మంత్రి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అయినా సమంత మాజీ మామ, నటుడు నాగార్జున నాంపల్లి కోర్టులో పరువునష్టం కేసు వేశారు, కేటీఆర్ కూడా వేశారు. 2025 నవంబరులో మంత్రి మళ్లీ విచారం తెలిపాక నాగార్జున కేసు వదులుకున్నారు.

ఈ కథలో తప్పెవరిదో తేల్చడం మా పని కాదు. దారి చూడండి. ఒక మహిళను అవమానిస్తే, దానికి బదులుగా ఏ పాపమూ తెలియని ఇంకో మహిళ అవమానం పాలైంది. దండ ఫొటోకూ రాష్ట్ర పరిపాలనకూ సంబంధం లేదు, విడాకులకూ లేదు. ఏడాదికి పైగా కోర్టు సమయం మాత్రం పోయింది.

ఇది మన దగ్గర పుట్టిన విద్య కాదు. 1937లో న్యూయార్క్‌లో కొందరు ఆచార్యులు, పాత్రికేయులు ప్రచార విశ్లేషణ కోసం ఒక సంస్థ పెట్టి, జనాన్ని బుట్టలో వేసుకునే ఏడు ఎత్తుగడల్ని గుర్తించారు. అందులో మొదటిది, ఎదుటివాడికి ఒక చెడ్డపేరు తగిలించి, వాడి మాట వినకుండానే కొట్టేయడం. మన గ్రూపుల్లో ఆ పేర్లు నిలవ సరుకు: పేటీఎం బ్యాచ్, గొర్రెలు, భక్తులు, ద్రోహి. అనుకూలమైన ముక్కనే చూపించి మిగతాది దాచేయడం కూడా ఆ ఏడింటిలోనే ఉంది. నలభై నిమిషాల ప్రసంగంలోంచి ఎనిమిది సెకన్లు కోయడం అంటే అదే. ఆ రోజుల్లో రేడియో కావాల్సి వచ్చింది. ఇప్పుడు జగదీశ్ మార్కెట్లో కొన్న సెకండ్‌హ్యాండ్ ఫోను చాలు.

నష్టం ఎవరికో చూడాలంటే బజార్‌ఘాట్ దాకా నడవండి. 2023 నవంబరు 13న అక్కడ ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకుని ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. పోలింగుకు ఇంకా పదిహేడు రోజులు. ఇళ్ల కింద అంత సరుకు ఎలా చేరింది? చూడాల్సిన శాఖ ఏది? మన వీధిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి? ఇలాంటి ప్రశ్నను ఇవాళ ఏ గ్రూపులోనైనా వేసి చూడండి. ముందు ‘నువ్వు ఏ పార్టీ’ అంటారు. తరవాత ‘వాళ్ల హయాంలో నోరు లేవలేదేం’ అంటారు. ఆ పైన ఇంటిపేరు చూసి కులం తీస్తారు. పదో జవాబు వచ్చేసరికి ప్రశ్న అడిగిన మనిషి సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటాడు. రసాయనాల గోదాం యజమాని హాయిగా ఉంటాడు. తిట్టును జీతమిచ్చి రాయించేవాళ్లకు కావాల్సిందీ అదే. గెలవడం అక్కర్లేదు, మాట దారి తప్పితే చాలు.

మరి పోలీసులకు చెబుదామా? వద్దంటాం. ఎవరు అధికారంలో ఉంటే పోలీసు వాళ్ల వైపు చూస్తాడు. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని ఒకాయన దూషించిన వీడియోను చూపినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున పట్టుకుపోయారు. వాళ్లకు బెయిలిచ్చింది కూడా నాంపల్లి కోర్టే. సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ రాతలకు జైలు వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లోనే కొట్టేసింది. 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. రాజకీయ పోస్టు మీద ఫిర్యాదు రాగానే ఎఫ్ఐఆర్ కట్టేయకూడదు, ఫిర్యాదుదారుకు నిజంగా నష్టం జరిగిందో లేదో చూడాలి, ముందు ప్రాథమిక విచారణ జరపాలి. కటువైన విమర్శ వేరు, హింసకు పురిగొల్పడం వేరు. మా కోరికను ఎవరూ జైలు కోరికగా చదవొద్దు.

పేరు అడగడం ప్రమాదం కదా అని కొందరు అంటారు. న్యాయమైన ప్రశ్న. ఒకప్పుడు ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని వాదించుకునేవాళ్లు, ఆ కాలమే వేరు అనే పాట మేం పాడం. ఇదే ఊళ్లో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ తన పేరుతోనే రాశాడు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో చేరాలన్న ముస్లిం ప్రముఖుల ప్రకటనను 1948 ఆగస్టులో అచ్చువేశాడు. ఆగస్టు 19న జమ్రుద్ మహల్ టాకీసు సభలో రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అలాంటి చేతులు తెగిపడాలన్నట్టు మాట్లాడాడని చెబుతారు. ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళ్తున్న షోయబుల్లాను కాల్చి, చెయ్యి నరికారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆయన వాదనకు మాత్రం ఎవరూ జవాబు రాయలేదు.

అందుకే మామూలు మనిషిని పేరు చెప్పమనం. ఆఫీసులో లంచం గురించి రాసే గుమాస్తా, వేధింపు గురించి రాసే అమ్మాయి మారుపేరుతోనే రాయనీ. బలహీనుడికి ముసుగు రక్షణ. అధికారం చేతిలో ఉన్నవాడికీ, రేపు అధికారంలోకి రాబోయేవాడికీ ముసుగెందుకు? పేరు చెప్పాల్సింది పార్టీలూ, వాటి దగ్గర డబ్బు తీసుకునేవాళ్లూ.

ఆ పనిని బయటి కంపెనీకి అప్పగించి ‘మాది కాదు’ అంటారనీ తెలుసు. ప్రెస్సుల విషయంలో చట్టం ఆ దారి ముందే మూసింది, సాక్షి సంతకాలు అందుకే. ఇక్కడా అంతే. సోషల్ మీడియా పని ఎవరికి అప్పగించారో, ఏయే ఖాతాలు, ఏయే గ్రూపులు తమవో పార్టీ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ జాబితాలోని ఖాతా ఎవరి ఇంటి ఆడవాళ్లను గానీ, కులాన్ని గానీ, ఒంటి తీరును గానీ దూషిస్తే, ఆ పార్టీ జిల్లా అధ్యక్షుడు అదే ఖాతాలో తప్పు ఒప్పుకోవాలి.

కోపం చల్లారిపోవాలని కూడా మేం అడగడం లేదు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డికి కోపం రాలేదా? వచ్చింది. ఆ మనిషి ఇంటిపేరు తవ్వలేదు. 354 మంది కవుల్ని వెతికి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చేతిలో పెట్టాడు. అంత ఘాటైన జవాబు ఇంతవరకు ఏ ఐటీ సెల్లూ ఇవ్వలేదు.

గ్రూపు అడ్మిన్‌లు ఈ వారమే ఒక నియమం పెట్టండి: ఎవరు తయారుచేశారో తెలియని రాజకీయ వీడియో మన గ్రూపులో ముందుకు పోదు, ఎవరి పార్టీదైనా సరే. కోర్టు దగ్గరి వకీళ్లు పైన చెప్పిన హైకోర్టు తీర్పు సారాంశాన్ని తెలుగులో, ఉర్దూలో ఒక పేజీకి కుదించి మీ టైపిస్టుల దగ్గర ఉంచండి. కేసు పెడతామని బెదిరిస్తే భయపడి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. మిగిలిన మనమందరం ఈ కింది వాక్యాలు చేత్తో రాసి, సంతకం పెట్టి, గాంధీ భవన్‌లోనూ, బీజేపీ ఆఫీసులోనూ, దారుస్సలాంలోనూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. బీఆర్‌ఎస్ తెలంగాణ భవన్ బంజారాహిల్స్‌లో ఉంది కాబట్టి ఆ కాగితం జీపీఓలో రిజిస్టరు చేద్దాం.

‘అధ్యక్షుల వారికి. మీ పార్టీ నడిపే, డబ్బిచ్చి నడిపించే ఖాతాల జాబితాను మీ ఆఫీసు బోర్డు మీద పెట్టండి. వాటి ప్రతి పోస్టు మీద మీ పార్టీ పేరు వేయండి. అప్పటిదాకా పేరులేని ఏ రాజకీయ వీడియోనూ మా ఇంట్లో ఎవరం పంపం, మీకు మేలు చేసేదైనా సరే.’