శస్త్రచికిత్సకు ముందు మూత్రపిండాల సంగతి

ప్రోస్టేటు క్యాన్సరుకు శస్త్రచికిత్స నిశ్చయమైన పెద్దలు సికింద్రాబాదులోని మా వైద్యశాలకు వచ్చి, మూత్రం సాఫీగా వచ్చే కషాయం ఇమ్మంటారు. నేను ముందుగా అడిగేది మూత్రపిండాల పరీక్షా ఫలితం.

సుశ్రుతుడు చెప్పిన 12 మూత్రాఘాతాలలో వాతాష్ఠీల ఒకటి. అది మలాశయ, మూత్రాశయాల నడుమ గట్టిపడి మూత్రాన్ని అడ్డగిస్తుంది. అలా నిలిచిన మూత్రం మూత్రపిండాలనే దెబ్బతీయగలదు. కండ తగ్గిన వృద్ధులలో క్రియాటినిన్ తక్కువగా పుడుతుంది గనుక, ఆ అంకె ఒక్కటే చూసి నిశ్చింత పడరాదు. వయస్సును కూడా లెక్కగట్టి వడపోత శక్తిని అంచనా వేయించుకోవాలి.

మూలిక గనుక హాని చేయదనుకోవడం భ్రమ. బెల్జియంలో సన్నబడే మందు వాడిన స్త్రీల మూత్రపిండాలు అరిస్టోలోకియా మూలిక వలన చెడిపోయినట్లు 1993లో వెల్లడైంది. మన ఈశ్వరమూలి ఆ జాతిదే.

కాబట్టి వాడుతున్న కషాయాలు, భస్మాలు, నొప్పి మాత్రలు అన్నీ శస్త్రవైద్యునికి చెప్పండి. ఆయనకు తెలియకుండా కొత్తది మొదలుపెట్టవద్దు. కషాయాన్ని నమ్మి శస్త్రచికిత్సను వాయిదా వేసుకోమని నేను ఎవరికీ చెప్పను.