గీతలు పడితే ధర ఎక్కువ

ఢిల్లీ ఐఐటీ పక్కనున్న జియా సరాయ్‌లో నకలు అంటే ఎవరికీ చిన్నచూపు లేదు. అక్కడి వ్యాపారం నడిచేదే దాని మీద. ఇరుకు సందుల్లో జిరాక్స్ దుకాణాలు, కోచింగ్ నోట్సు కట్టలు, చేతులు మారిన పాత పుస్తకాలు, వాటిపైన అగ్గిపెట్టెలు పేర్చినట్టు అద్దె గదులు. నెట్, గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షల కోసం దేశం నలుమూలల నుంచీ దిగే కుర్రాళ్లలో తెలుగువాళ్లకూ కొదవ లేదు. ఎవరో ఎప్పుడో రాసిన నోట్సును జిరాక్సుకు జిరాక్సు తీయించి చదువుకునే ఈ కుర్రాళ్లలో గిటార్ పిచ్చి ఉన్నవాళ్లు, చేతిలో నాలుగు డబ్బులు పడగానే కలలుగనేది కూడా ఒక నకలు గురించే. 1950ల నాటి ఎలక్ట్రిక్ గిటార్‌కు అచ్చుగుద్దినట్టు నేడు తయారవుతున్న నకలు.

ఆ నాలుగు డబ్బులు ఎంతో చూద్దాం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను 2023 జనవరి నుంచి నెలకు రూ. 37,000 చేశారు. ఫెండర్ కంపెనీ చౌక బ్రాండ్ స్క్వయర్‌లో 'క్లాసిక్ వైబ్' పేరిట వచ్చే పాతకాలపు మోడల్ కావాలంటే దాదాపు ఆ నెల మొత్తం ధారపోయాలి. అదే అమెరికాలో చేసిన ఫెండర్ అయితే కొన్ని నెలలు పస్తులే. అయినా వారాల తరబడి చర్చ సాగుతుంది. సన్‌బర్స్ట్ రంగా, వెన్న రంగా? స్ట్రాటా, టెలీనా? మంచం, బల్ల పడితే మనిషి తిరగడానికి చోటు లేని గదిలోకి పెట్టె వచ్చిన రోజున పక్క గదులవాళ్లంతా గుమిగూడతారు. మూత తీశాక వార్నిష్ వాసన పీల్చడం కూడా అందులో భాగమే.

ఇంతకీ ఏమిటా పాతదనం? లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను 1954లో మార్కెట్‌లోకి తెచ్చినప్పుడు దాని ధర 249 డాలర్ల 50 సెంట్లు. అది వారసత్వ సంపద అవుతుందని ఎవరూ అనుకోలేదు. 1965లో ఆయన కంపెనీని సీబీఎస్‌కు అమ్మేశాడు. నాణ్యత పడిపోయిందన్న పేరు వచ్చింది. దాంతో 1965కు ముందువన్నీ మేలిమి బంగారమన్న నమ్మకం పాతుకుపోయింది. గిబ్సన్ కథ ఇంకా వింత. 1958 నుంచి 1960 వరకు చేసిన సన్‌బర్స్ట్ లెస్‌పాల్ గిటార్లు సుమారు 1,500. అవి సరిగా అమ్ముడుపోక కంపెనీయే ఆ రూపాన్ని వదిలేసింది. 1966లో ఎరిక్ క్లాప్టన్ ఆల్బమ్‌లో ఆ ధ్వని విన్నాక జనం వెతుక్కుంటూ వెళ్లారు. ఇప్పుడవి లక్షల డాలర్లు పలుకుతున్నాయి. నాడు ఎవరికీ అక్కర్లేని సరుకుకు నేడు బీమా చేయిస్తున్నారు.

అసలువి అందకపోతే కొత్తవాటినే పాతవిగా చేయడం కంపెనీలకు పెద్ద పని కాదు. ఫెండర్ 1982లోనే 1957, 1962 నాటి మోడళ్లను మళ్లీ తెచ్చింది. 1995లో మరో అడుగు ముందుకేసి 'రెలిక్' పేరుతో కొత్త గిటార్లకు గీతలు పెట్టి, రంగు చెక్కి, ఇనుప భాగాలకు తుప్పు పట్టించి అమ్మడం మొదలుపెట్టింది. కొత్త స్కూటర్‌కు గీత పడితే ధర తగ్గించమని అడుగుతాం. ఇక్కడ గీతలు ఎక్కువయ్యేకొద్దీ ధర పెరుగుతుంది.

పాత లోపాలను కూడా యథాతథంగా దించేయడం అసలు తమాషా. 1950ల స్ట్రాట్ మెట్ల పలక వంపు 7.25 అంగుళాల వ్యాసార్ధం. పై మెట్ల దగ్గర తీగను గట్టిగా లాగితే స్వరం చచ్చిపోతుంది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని 9.5 అంగుళాలకు, 12 అంగుళాలకు చదును చేశారు. ఇక సింగిల్ కాయిల్ పికప్. దానికి రొద ఉంటుంది. దాన్ని అణిచే హంబకర్‌ను గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ తయారుచేస్తే 1957లోనే గిటార్లలో బిగించారు. ఏడు దశాబ్దాల కింద మందు దొరికిన జబ్బును కుర్రాళ్లు ఏరికోరి కొనుక్కుంటున్నారు. పైగా ఎర్తింగ్ సరిగా లేని గదిలో ప్లగ్ పెట్టారో, 50 హెర్ట్జ్ కరెంటు రొద గిటార్ కంటే ముందు పాడుతుంది.

ఈ పికప్ పనితీరు వీరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే సూత్రం. నెట్ ఫిజిక్స్ నోట్సులో రెండు పేజీలు. బొబ్బిలి వీణకు పనస కర్ర ఎంత ముఖ్యమో ఎలక్ట్రిక్ గిటార్‌కు దాని చెక్క అంత ముఖ్యం కాదని ఆ సూత్రమే చెబుతుంది. పగలు ఆ లెక్కలు చేసిన కుర్రాడే రాత్రి చెక్క వయసు గురించి వాదిస్తాడు!

చెక్క ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. గిటార్ మెట్ల పలకకు ఇండియన్ రోజ్‌వుడ్ అంటే, అంటే మన జిట్రేగి అంటే లోకమంతా మోజు. 2017 జనవరిలో ఆ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు. తయారైన వాద్యాలకు 2019 నవంబర్‌లో మినహాయింపు ఇచ్చారు. ఈలోగా కంపెనీలు వేరే కలపలు వెతుక్కున్నాయి. క్లాసిక్ వైబ్ గిటార్లు కొన్నిటిపై కనిపించే 'ఇండియన్ లారెల్' మరేదో కాదు, మనం నల్లమద్ది అనే చెట్టే. సుంకం కట్టి తెప్పించుకున్న విదేశీ గిటార్‌లో కుర్రాడి వేళ్లు తిరిగేది తాత పొలం గట్టున ఉండే చెట్టు మీద.

సరళీకరణకు ముందు విదేశీ గిటార్ అంటే ఎవరో విమానంలో తేవాల్సిందే. మిగిలినవారికి కోల్‌కతా గిటార్లే దిక్కు. గిబ్సన్‌ను తలపించే 'గివ్సన్' పేరు దేశమంతటా తెలిసింది అలాగే. జపాన్ నకళ్లు ఎంత బాగుండేవంటే గిబ్సన్ యజమాన్య సంస్థ 1977లో ఐబనెజ్ పంపిణీదారుపై కోర్టుకెక్కింది. ఆ కేసు పేరు చెప్పుకునే 1970ల జపాన్ నకళ్లను ఇప్పుడు సేకర్తలు ఎగబడి కొంటున్నారు. నకలూ ముసలిదైతే అసలే. 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు స్ట్రాట్, టెలీ ఒంటి ఆకారాలపై ఫెండర్‌కు హక్కు ఇవ్వలేదు. దశాబ్దాలుగా అందరూ చేస్తున్న ఆకారం ఒకరి సొత్తు కాదంది. కుర్రాళ్లకు ఇది తెలుసు. అదే ఆకారం, దాదాపు అదే ధ్వని ఊరూపేరూ లేని కంపెనీ నుంచి సగం ధరకు దొరుకుతుందనీ తెలుసు. కొనేది మాత్రం తలకట్టు మీది పేరును.

పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ వేరే దారి తొక్కాడు. జంట తీగల మాండొలిన్ కర్ణాటక గమకానికి లొంగకపోతే ఒంటి తీగలు వేసి, అయిదో తీగ కలిపి, ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నాడు. 2014లో కన్నుమూసేదాకా ఆ వాద్యానికి ఆయన పేరే చిరునామా. వాద్యం వయసు ఆయన్ను ఎవరూ అడగలేదు.

జియా సరాయ్ గిటార్ల అసలు పరీక్ష మేలో మొదలవుతుంది. వడగాలికి చెక్క ఎండి కుంచించుకుపోతే మెట్ల అంచులు పొడుచుకొచ్చి వేళ్లు గీరుకుంటాయి. మెడ వంగుతుంది. పనితనం తెలిసినవాడి చేత మెడ సరిచేయించి, మెట్లు అరగదీయించి, తీగల ఎత్తు కుదిర్చితే చౌక గిటార్ కూడా పలుకుతుంది. ఆ ఖర్చు మాత్రం ఎవరి బడ్జెట్‌లోనూ ఉండదు. ఆంప్లిఫయర్‌కూ మిగలదు. మిగిలినా పెట్టనిచ్చేదెవరు? పక్క గదిలో మర్నాడు పరీక్ష రాసేవాడుంటాడు. కాబట్టి రాత్రి పది దాటాక 1950ల మహాధ్వని అంతా చెవిలో పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోనే. బయటికి వినిపించేది సన్నగా తీగల టింగుటింగు, సందులో జిరాక్స్ మిషన్ చప్పుడు.