గగనమార్గమును నేలబాటయు

విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు విమానదూర మెంత, పట్టు కాలమెంత యని భీమునిపట్నపు మిత్రులు కొందరు మమ్ము ప్రశ్నించిరి. అంకెలు చెప్పుట సులభము. విశాఖ పాత విమానాశ్రయమునుండి శంషాబాదునకు తిన్నగా కొలిచినచో సుమారు 510 కిలోమీటర్లు. గన్నవరమునకు సుమారు 290. రహదారిని పోయినచో హైదరాబాదు 600 కిలోమీటర్లకు పైబడును.

గంటకు 800 కిలోమీటర్లు పోగల విమానమునకు 510 కిలోమీటర్లు నలుబది నిమిషముల పని గదా, టిక్కెట్టుపై గంటంబావు అని యేల వ్రాయుదు రని సందేహము కలుగవచ్చును. విమానము తన నిలుకడ విడిచినది మొదలు అవతల నిలిచిపోవువరకు గల కాలమంతయు ఆ లెక్కలో చేరును. నేలపై పరుగు, పైకెక్కుట, దిగుటకు వంతు వచ్చువరకు చుట్టుతిరుగుట, ఇవన్నియు దూరము తగ్గినంత మాత్రమున తగ్గవు. కావుననే గన్నవరము దూరము ఇంచుమించు సగమే యైనను, అచటికిని దాదాపు గంట పట్టుచున్నది.

అయితే విమానసంస్థవారి గడియారము ఆగినచోట ప్రయాణికుని గడియార మాగదు. అసలు వ్యాజ్య మిచటనే యున్నది.

పాత విమానాశ్రయము నౌకాదళమువారిది. పౌరవిమానములు వారి వీలునుబట్టి నడువవలసి వచ్చెను. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను దాని భవనమును పాడుచేసినది. కావున భోగాపురమున క్రొత్త విమానాశ్రయము అక్కర లేదని మే మనజాలము. 2019లో నొకసారి, 2023లో మరియొకసారి ఒకే నేలకు శంకుస్థాపన జరిగినది. ఇటుకలకన్న ముందు శిలాఫలకములే లేచినవి. భీమిలివారమగు మాకు అది ఇరువది కిలోమీటర్ల లోపుననే యున్నది. మా లాభమును దాచుకొనుట న్యాయము కాదు.

కాని గాజువాకలోని ఉక్కు కార్మికుని సంగతి యేమి? పాత విమానాశ్రయము అతని వాకిటనే యుండెను. భోగాపురము చేరుటకు అతడు నగరమంతయు దాటి సుమారు అరువది కిలోమీటర్లు పోవలెను. 2019నుండి అమరావతి హైకోర్టునకు పోవుచున్న మా వృత్తివారి లెక్కయు చూడుడు. భోగాపురమునకు గంటన్నర, ముందుగా చేరి కాచుకొనుట గంటకు పైగా, విమానములో గంట, గన్నవరమునుండి బెజవాడకు మరి యరగంట: నాలుగు గంటలు దాటిపోవును. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ రైలు విశాఖనుండి బెజవాడకు నాలుగు గంటలలో చేర్చుచున్నది! గగనమార్గము నేలబాటకు ఓడిపోవుట యనగా నిదియే.

మరడపాలెము మొదలగు పల్లెలవారు ఇండ్లు వదలి ఆ నేల నిచ్చిరి. వారి బిడ్డలకు అచటి కొలువులలో ముందుచోటు దక్కవలెను. ఇది దయ కాదు, బాకీ. ఇక ప్రయాణికుల విషయమున మా కోరిక యొక్కటే: గాజువాకనుండియు, ద్వారకానగరు బస్సు సముదాయమునుండియు, భీమిలి మీదుగాను, తెల్లవారుజాము విమానములకు సైతము అందునట్లు ఆర్టీసీ బస్సులు సామాన్యుని తాహతునకు తగిన రుసుముతో నడుపవలెను. విమానవేళల పట్టికతోపాటు ఆ బస్సుల వేళలను గూడ ప్రకటింపవలెను.