జర్మను విద్య - మన విశ్వవిద్యాలయములు

జర్మను భాషకు మన దేశమున నేడు గిరాకి హెచ్చినది. 2023-24 విద్యాసంవత్సరమున జర్మనీ విద్యాలయములలో దాదాపు 49,000 మంది భారతీయ విద్యార్థులుండిరి; అచ్చటి విదేశీయ విద్యార్థులలో వీరిదే ప్రథమస్థానము. నిపుణులగు భారతీయులకు సాలున కొసగదగు అనుమతులను 20,000 నుండి 90,000 వరకు హెచ్చింతుమని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించినది. నర్సు ఉద్యోగములకై పోగోరువారు భాషాపరీక్షలలో 'బి2' అను తరగతి దాటవలసియున్నది. ఇందులకై రేయింబవళ్లు శ్రమించు యువజనుల పూనికను మేము హర్షించుచున్నాము. జీవనోపాధికై భాష నేర్చుట యెన్నటికిని తప్పు కానేరదు.

అయినను పరీక్ష గెలుచుట వేరు; ఒక జాతి నెరుగుట వేరు. జర్మనుల సాహిత్యమును, చరిత్రమును, రాజ్యాంగమును, సంఘజీవనమును వారి భాషయందే పఠించి విమర్శింపగల పండితులను తయారుచేయుట విశ్వవిద్యాలయముల పని. ఈ పనియందు మనము వెనుకబడియున్నామని చెప్పుటకు చింతిల్లుచున్నాము.

జర్మనులు మనయెడ నేమి చేసిరో చూడుడు. 1791లో గేయార్గ్ ఫోర్‌స్టరు శాకుంతలమును జర్మనులోనికి తెచ్చెను. అది విలియం జోన్సు ఇంగ్లీషు అనువాదమునుండి చేసినదే. కాని వారంతటితో తృప్తి నొందలేదు. 1818లో స్థాపితమైన బాన్ విశ్వవిద్యాలయమున ఆగస్టు విల్‌హెల్మ్ ష్లేగెలు ఆచార్యుడై సంస్కృతము బోధించెను; 1823లో భగవద్గీతను లాటిను అనువాదముతో ప్రకటించెను. ఒక తరము గడచునంతలో వారు ఇంగ్లీషు ఊతకఱ్ఱను వదలి మూలము నాశ్రయించిరి. మనమో! గేటే యైనను, మార్క్సైనను, బ్రెహ్ట్ అయినను నేటికిని చాలవరకు ఇంగ్లీషు మార్గముననే తెలుగువాకిటికి వచ్చుచున్నారు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను లోకమును పరుల కన్నులతో చూచుట మనకు గౌరవము కాదు.

ఇది గౌరవమాత్రము కాదు. క్షేమమునకు సంబంధించిన విషయము. హిట్లరు వ్రాసిన గ్రంథము మన పుస్తకశాలలలో నిప్పటికిని అమ్ముడగుచున్నది. ఆతని దండనీతిని మెచ్చుకొనువారును లేకపోలేదు. 1933 మే 10వ తేదీ రాత్రి బెర్లినులో విశ్వవిద్యాలయమున కెదుటనే గ్రంథములను తగులబెట్టిన వారిలో విద్యార్థులే ముందుండిరని వీరెరుగుదురా? కాంటు, గేటే పుట్టిన దేశమట్లేల పతనమయ్యెనో, పిమ్మట ఆ పాపమును తన బిడ్డలకు పాఠముగా నెట్లు చెప్పుకొనుచున్నదో తెలిసికొనుట స్వరాజ్యమును కాపాడుకొనదలచు ప్రతి జాతికి నవసరము. పదజాలము వల్లించినంత మాత్రమున నీ జ్ఞానము రాదు.

2014 నవంబరులో కేంద్రీయ విద్యాలయములందు తృతీయభాషగా జర్మనును తొలగించినప్పుడు గొప్ప వివాదము చెలరేగినది. సంవత్సర మధ్యమున బాలురను తికమక పెట్టుట సరికాదు. అయినను, పాఠశాలలలో దేశభాషలకు తొలిస్థానముండవలెనను సూత్రమును మేము కాదనజాలము. అందువలననే విదేశభాషలకు విశ్వవిద్యాలయములందు గట్టి స్థానము కల్పింపవలెనని చెప్పుచున్నాము. హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జర్మను బోధన కలదు. కాని తెలుగువారికి ఒక్క నగరము చాలునా? ఇతర విశ్వవిద్యాలయములును పూనుకొని, చరిత్రము, రాజనీతి, అర్థశాస్త్రము చదువువారికి జర్మను నేర్పవలెను. జర్మనునుండి సూటిగా తెలుగునకు, తెలుగునుండి జర్మనునకు అనువదింపగలవారికి వేతనము లొసగవలెను.

జకీర్ హుసేన్ 1926లో బెర్లినున డాక్టరు పట్టము పొందెను. అంతకు పూర్వమే, 1924లో, ఒక జర్మను మిత్రునితో గూడి గాంధీ మహాత్ముని సందేశమును జర్మనులకు వారి భాషలోనే వినిపించెను. తిరిగివచ్చి జామియా మిల్లియాను నిలిపెను. పిదప భారతదేశమునకు రాష్ట్రపతి యయ్యెను. విద్య యన నట్టిది: పొరుగువారినుండి గైకొనుటయే కాక, తమది వారికొసగుట. నేడు పయనమగుచున్న వేలాది యువకులలో అట్టివారు కొందరైన బయలుదేరునట్లు మన విశ్వవిద్యాలయములు మేల్కొనుగాక!