నిద్రలో తెగే ఊపిరి – గుండె చేసే హెచ్చరిక

గురక పెట్టి నిద్రించేవారిని చూసి "హాయిగా పడుకున్నారు" అని సంతోషించడం మన ఇళ్లలో అలవాటు. ఆ గురక నడుమ ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్లు తిరిగి మొదలవుతున్నదేమో గమనించేవారు తక్కువ. గుండె బలహీనపడినవారి విషయంలో ఈ అలక్ష్యం ప్రాణాల మీదికి తేగలదు.

నా పొరపాటుతోనే ఆరంభిస్తాను. కొన్ని సంవత్సరాల క్రితం దుమ్ముగూడెం వైపు అడవి అంచు పల్లె నుండి ఒక వృద్ధ రైతు నా వద్దకు వచ్చాడు. రాత్రి నిద్ర పట్టదు, పగలు కునికిపాట్లు, సాయంత్రానికి పాదాల వాపు. గుండెజబ్బుకు మాత్రలు వాడుతున్నాడు. వాతప్రకోపమని తలచి అశ్వగంధ చూర్ణాన్ని పాలతో సేవించమన్నాను. పక్షం రోజుల తరువాత ఆయన భార్య అన్నది: "అయ్యా, నిద్రల ఊపిరి పెద్దగైతది, మల్ల సన్నబడి ఆగిపోతది. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంట కూసుంట." మందు ఇవ్వడానికి ముందే నేను అడగవలసిన మాట అది. అడగలేదు.

గురుకులంలో చరకసంహిత చికిత్సాస్థానంలోని 17వ అధ్యాయాన్ని వల్లించినవాడను. శ్వాసరోగాలు అయిదు: మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర శ్వాసలు. తెగి తెగి వచ్చే ఛిన్నశ్వాసను ఆచార్యుడు అసాధ్యంగా గణించాడు. డబ్లిన్ నగర వైద్యులు జాన్ చెయిన్ 1818లోను, విలియం స్టోక్స్ 1854లోను ఇటువంటి శ్వాసగతినే వర్ణించారు. రెండూ అక్షరాలా ఒకటేనని వాదించను. కాని ఊపిరి తెగడం చిన్న సంగతి కాదని ఉభయ శాస్త్రాలూ గుర్తించాయి.

గుండె రక్తాన్ని సరిగా తోడలేనప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. దానివలన శ్వాస వేగం పెరిగి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. అప్పుడు మెదడు శ్వాసకు ఆజ్ఞ ఇవ్వడం కొద్దిసేపు మానుతుంది. రక్తప్రసరణ మందగించినందున సమాచారం మెదడుకు ఆలస్యంగా చేరి, ఊపిరి మళ్లీ అతిగా సాగుతుంది. ఇది ఒక విధం. గొంతు మార్గం మూసుకుపోయి, గురకతో ఊపిరి ఆగడం రెండవ విధం. పడుకున్నప్పుడు కాళ్లలోని నీరు ఛాతీకి, మెడకు చేరి రెండింటినీ పెంచుతుంది. గుండె వైఫల్యం ఉన్నవారిలో సుమారు సగం మందికి ఏదో ఒక విధమైన నిద్రాశ్వాస దోషం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇక గృహవైద్యం మాట. దగ్గుకు అతిమధురం మంచిదే. కాని అది శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి, పొటాషియమును తగ్గిస్తుంది. గుండె వైఫల్యం ఉన్నవారికి అది తగదు. అజీర్ణానికని లవణభాస్కర చూర్ణం, పూటపూటా గ్లాసుల కొద్దీ కషాయం, అన్నంలో ఆవకాయ కూడా అటువంటివే. నిద్రమాత్రలను సొంతంగా కొని మింగడం మరీ ప్రమాదం. మన అడవులలోని తెల్లమద్ది బెరడును నేనూ వాడతాను. అయితే వైద్యుడు ఇచ్చిన గుండె మందులను మాని దానిని నమ్ముకొమ్మని ఎవరికీ చెప్పను.

యంత్రం కూడా గుడ్డిగా వాడేది కాదు. గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపే సాధనాన్ని 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ బృందం వెలుగులోకి తెచ్చింది. గొంతు మూసుకుపోయే రకానికి అది మేలు చేస్తుంది. మెదడు ఆజ్ఞ ఆగే రకానికి వాడిన మరొక యంత్రం, రక్తాన్ని తోడే శక్తి బాగా తగ్గిన రోగులలో గుండె మరణాలను పెంచినట్లు 2015లో వెల్లడైంది. కనుక ముందుగా నిద్రపరీక్ష జరిపి ఏ రకమో తేల్చుకోవాలి. అన్నిటికంటే ముందు గుండె చికిత్స సక్రమంగా సాగాలి.

రోగిని ఇతర వైద్యానికి పంపితే ఆయుర్వేదం చిన్నబోతుందని కొందరు సోదర వైద్యులు భావిస్తారు. సాధ్యాసాధ్య వివేకం లేని వైద్యమే చిన్నబోతుందని నా దృఢాభిప్రాయం. ఆ రైతును ఖమ్మంలోని హృద్రోగ నిపుణుని వద్దకు పంపాను. నీరు తీసే మందు మోతాదు సవరించాక వాపు తగ్గింది. ఆయనకే కాదు, ఆయన భార్యకు కూడా నిద్ర పట్టింది.

పాఠకులకు నా విన్నపం ఇదే. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారుంటే ఒక రాత్రి వారి ఊపిరిని ఆలకించండి. ఊపిరి ఆగడం, పడుకోగానే ఆయాసంతో లేచి కూర్చోవడం, కొద్ది రోజులలోనే బరువు పెరగడం, కాళ్లవాపు – వీటిని వెంటనే వైద్యునికి తెలపండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదవులు నల్లబడినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేర్చండి. నాడి చెప్పని సంగతిని ఒక్కొక్కసారి పక్కన మేలుకొని ఉన్నవారు చెబుతారు.