పూచీ మన నుంచేనా?

నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక ఆఫీసు శుభ్రం చేసే పనో, హాస్టల్లో వంటపనో కాంట్రాక్టుకు తీసుకుందామని వెళ్తే, ముందు అడిగేది పని గురించి కాదు. 'మీకు పూచీ ఎవరు?' అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఇళ్లల్లో పాచిపని చేసిన అనుభవం అక్కడ లెక్కకు రాదు. డబ్బు డిపాజిట్ కట్టాలి, లేదా బ్యాంకు గ్యారంటీ తేవాలి, లేదా ఆస్తి ఉన్నవాళ్ల చేత సంతకం పెట్టించాలి. ఆస్తి ఎవరి పేరున ఉంటుందో మనకు తెలియనిది కాదు. చివరికి ఆ సంతకం భర్తదో, అన్నదో, పాత కాంట్రాక్టరుదో అవుతుంది. చాకిరీ వీళ్లది, పెత్తనం సంతకం పెట్టినవాడిది.

ఇంతకీ చిన్న సేవా సంస్థలకు పూచీకత్తు అవసరమా? అడిగేవాళ్ల భయాలను విడదీసి చూద్దాం. టెండరు దక్కాక వెనక్కి తగ్గుతారేమో, పని మధ్యలో వదిలేస్తారేమో అన్న భయాలకు కొంత అర్థం ఉంది. ప్రజల సొమ్ముతో నడిచే ఆసుపత్రి వార్డు ఒక్కరోజు కూడా ఊడవకుండా ఉండకూడదు. దొంగతనం చేస్తారేమో అన్న మూడో భయం వేరు. ఇంట్లో ఉంగరం కనిపించకపోతే ముందుగా పనిమనిషి సంచీ వెతికే సమాజం మనది. ఆ అనుమానంలో కులమూ వర్గమూ రెండూ ఉన్నాయి. దానికి మనం డబ్బు కట్టి రసీదు తీసుకోవాలా?

అమెరికాలో ఇళ్లు శుభ్రం చేసే చిన్న సంస్థలు తమకు బాండు ఉందని ప్రకటించుకోవడం మామూలే. పనివాళ్లు దొంగిలిస్తే ఇంటివాళ్లకు పరిహారం అందడానికి అది. అలాంటి బాండ్లు చాలావాటిలో నేరం కోర్టులో రుజువైతేనే డబ్బు వస్తుంది. కంపెనీ ఆ డబ్బును మళ్లీ ఆ సంస్థ దగ్గరే రాబట్టుకోవచ్చు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా పూచీదారుకు అలాంటి హక్కే ఇచ్చింది. అంటే బాండు కాపాడేది పని ఇచ్చినవాళ్లను. తడినేల మీద జారిపడిన మన మనిషికి బాండు పనికిరాదు, బీమా కావాలి. ఈ రెండింటినీ ఒకటిగా చెప్పేవాళ్లను నమ్మకండి.

ప్రభుత్వం కొంత దిగివచ్చింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 3 శాతం మహిళల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలని 2018లో నిర్ణయించారు. ఈ చిన్న సంస్థలకు టెండరు ధరావతు నుంచి మినహాయింపు ఉంది. బ్యాంకు గ్యారంటీకి బదులు బీమా కంపెనీల ష్యూరిటీ బాండ్లను 2022 నుంచి ఒప్పుకుంటున్నారు. కానీ పని దక్కాక కట్టవలసిన హామీ సొమ్ముకు ఈ మినహాయింపు వర్తించదు. మన చెల్లెళ్లు ఆగిపోయేది ఆ మెట్టు దగ్గరే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మధ్యాహ్న భోజనం వండే మహిళా సంఘాలు కిరాణా కొట్లో అప్పుచేసి పిల్లలకు అన్నం పెట్టి, బిల్లుల కోసం నెలల తరబడి తిరిగిన సందర్భాలు ఎన్నో. ఆ బిల్లులకు పూచీ ఎవరిచ్చారు? చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ వడ్డీ అడిగే ధైర్యం మళ్లీ పని కావలసిన మనిషికి ఎక్కడిది?

అందుకే మనం అడగవలసింది ఇది. హామీ సొమ్ము ముందుగా కట్టించుకోకుండా ప్రతి బిల్లులో కొద్దిగా మినహాయించుకుని, పని ముగియగానే తిరిగి ఇవ్వాలి. భర్త సంతకం అడగకూడదు. గడువులోగా చెల్లింపు, పనివాళ్లకు ప్రమాద బీమా ఒప్పందంలోనే రాయాలి. సంఘం మొత్తాన్ని ఒకరికొకరు పూచీ పెట్టమంటే మాత్రం ఆలోచించండి. ఉమ్మడి పూచీ పేరుతో తోటి ఆడవాళ్ల చేతనే ఒత్తిడి చేయించిన మైక్రోఫైనాన్సు అనుభవం 2010లో మన రాష్ట్రం చూసింది.

సంఘాలతో పనిచేసే కార్యకర్తలు ముందు ఉద్యమ్ నమోదు చేయించండి. సంతకానికి ముందు ఒప్పందం అందరికీ చదివి వినిపించండి. పూచీ రెండు వైపులా ఉందో లేదో చూడండి. ఒకవైపే ఉన్న పూచీకి మన భాషలో పాత పేరే ఉంది: వెట్టి.